కాలిన గాయాలు – పెద్ద ప్రమాదాలు – మన ఆసుపత్రులు



వార్షికోత్సవ సంచికకు పాఠం లాంటిది ఒకటి రాసి ఇవ్వమని వార్డెన్ సార్ అడిగారు. "పిల్లలకు పనికొచ్చేది రాయి, ఉపన్యాసం మాత్రం వద్దు" అని కూడా అన్నారు. నేను కూడా సాంఘిక సంక్షేమ హాస్టల్లో పెరిగినవాడినే. ఇప్పుడు సర్జికల్ వార్డులో స్టాఫ్ నర్సుగా పని చేస్తున్నాను. నాకు తెలిసినవి గాయాలు, కట్లు, సెలైన్ బాటిళ్ళు. కనుక వాటి గురించే రాస్తున్నాను. ఒకేసారి ఇరవై ముప్ఫై మందికి ఒళ్ళు కాలినా, ఎముకలు విరిగినా సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడ లాంటి ఊళ్ళలోని ఆసుపత్రులు ఏం చేయగలవు, అందుకు ముందునుంచే ఏం సిద్ధం చేసి పెట్టుకోవాలి అనేది ఈ వ్యాసం.

ముందుగా ఒక చిన్న సంగతి. నేను చదివిన హాస్టల్ ఇది కాదు, వేరే మండలంలోనిది. నేను తొమ్మిదో తరగతిలో ఉండగా ఒక రాత్రి వంట మనిషి రాలేదు. ఇద్దరు పిల్లలు పప్పుచారు బగోనెను చెరో పక్క పట్టుకుని మోసుకొస్తున్నారు. గడప దగ్గర ఒకడి కాలు జారింది. చారంతా ఏడో తరగతి పిల్లవాడి కుడికాలి మీద పడింది. మేమంతా చుట్టూ మూగాం. ఒకడు టూత్‌పేస్టు తెచ్చి పూశాడు. ఇంకొకడు సిరా బుడ్డి వంచాడు. కామాటి పరుగున వెళ్ళి పసుపు తెచ్చి అద్దాడు. నీళ్ళు పోస్తే బొబ్బలు లేస్తాయని ఎవరో అన్నందుకు నీళ్ళు మాత్రం పోయలేదు. బోరింగు పది అడుగుల దూరంలోనే ఉంది. ఆటోలో ఆసుపత్రికి తీసుకుపోతే అక్కడ ఆ పేస్టును, పసుపును, సిరాను కడగడానికే చాలాసేపు పట్టింది. వాడి అరుపులు నాకు ఇప్పటికీ వినిపిస్తాయి. గాయమైతే మానింది. కానీ మోకాలి వెనుక చర్మం ముడుచుకుపోయి కాలు పూర్తిగా చాపలేకపోయాడు. అంతకుముందు వాడు మా కబడ్డీ జట్టులో రైడర్. ఆ తరువాత ఆటలప్పుడు కుర్చీలో కూర్చుని స్కోరు రాసేవాడు.

ఒక్క పిల్లవాడికి కాలితేనే ఇంత జరిగింది. అదే ముప్ఫై మందికి కాలితే ఎలా ఉంటుందో ఆలోచించండి.

మన రోడ్లు, మన మిల్లులు

హైదరాబాదు నుంచి విజయవాడ వెళ్ళే 65వ నంబరు జాతీయ రహదారి సూర్యాపేట, కోదాడల మీదుగా పోతుంది. మన పెద్దలు దానిని ఇప్పటికీ తొమ్మిదో నంబరు రోడ్డు అనే అంటారు. నార్కట్‌పల్లి నుంచి అద్దంకి వెళ్ళే రోడ్డు మిర్యాలగూడ మీదుగా పోతుంది. ఈ రెండు రోడ్ల మీద రాత్రంతా స్లీపర్ బస్సులు, గ్యాసు ట్యాంకర్లు, సిమెంటు లారీలు నడుస్తూనే ఉంటాయి. మిర్యాలగూడ చుట్టూ ఉన్న రైసుమిల్లుల సంగతి మీకు తెలిసిందే. ఉప్పుడు బియ్యం చేసే మిల్లులో వడ్లు ఉడకబెట్టడానికి బాయిలర్ ఉంటుంది. బాయిలర్ అంటే ఒత్తిడిలో ఉన్న ఆవిరి. హుజూర్‌నగర్, మేళ్ళచెరువు, మఠంపల్లి వైపు సిమెంటు ఫ్యాక్టరీలు, దామరచర్ల దగ్గర యాదాద్రి థర్మల్ విద్యుత్ కేంద్రం ఉన్నాయి. వీటిలో బాయిలర్ దగ్గర నిలబడేది, బస్తాలు మోసేది, లారీ కింద దూరి రిపేరు చేసేది ఎవరో నేను వేరే చెప్పనక్కరలేదు. మన ఇళ్ళలోని వాళ్ళే.

2025 జూన్ 30న సంగారెడ్డి జిల్లా పాశమైలారంలో ఒక మందుల ఫ్యాక్టరీలో పేలుడు జరిగి యాభై మందికి పైగా కార్మికులు పోయారు. అది హైదరాబాదును ఆనుకుని ఉన్న చోటు. పెద్ద ఆసుపత్రులు దగ్గరలోనే ఉన్నాయి. మనకు అలా కాదు. సూర్యాపేట నుంచి హైదరాబాదు సుమారు 135 కిలోమీటర్లు. కోదాడ నుంచి ఇంకో 40 కిలోమీటర్లకు పైనే.

2021 మార్చి 22 సాయంత్రం

సూర్యాపేటలో 47వ జాతీయ జూనియర్ కబడ్డీ పోటీలు మొదలు కావలసిన రోజది. చూడడానికి జనం వేల మంది వచ్చారు. వారు కూర్చోవడానికి కట్టిన గ్యాలరీలలో ఒకటి ఒక్కసారిగా కుప్పకూలింది. వంద మందికి పైగా గాయపడ్డారు. వారిని సూర్యాపేట ఆసుపత్రులకు తరలించారు, గాయాలు ఎక్కువగా ఉన్న కొందరిని హైదరాబాదుకు పంపారు. అక్కడ మంటలు లేవు. అయినా ఒక మామూలు పట్టణానికి ఒకే నిమిషంలో వంద మంది క్షతగాత్రులు వస్తే ఏమవుతుందో చూపించిన సంఘటన అదే. పైగా అది మన ఊళ్ళోనే జరిగింది. సూర్యాపేటలో ప్రభుత్వ వైద్య కళాశాల 2019లో మొదలైంది కాబట్టి అప్పటికి కొంత నయం.

ఇలాంటి ప్రమాదాలలో ఒక విచిత్రం ఉంటుంది. ఆసుపత్రికి ముందుగా వచ్చేది తక్కువ దెబ్బలు తగిలినవారు. వారు నడవగలరు, బైకు వెనుక కూర్చోగలరు, ఆటో ఎక్కగలరు. క్యాజువాలిటీలో ఉన్న పది మంచాలూ వారితోనే నిండిపోతాయి. కింద నలిగిపోయినవారిని బయటికి తీసి అంబులెన్సు ఎక్కించి తెచ్చేసరికి మంచం ఖాళీ ఉండదు, డాక్టరు చేయి ఖాళీ ఉండదు. అందుకే ఆసుపత్రి గుమ్మం బయటే అనుభవం ఉన్న ఒకరు నిలబడి వచ్చినవారిని వచ్చినట్టే వేరు చేయాలి. దీనినే ట్రయాజ్ అంటారు. నాలుగు రంగుల చీటీలు ఉంటాయి. వెంటనే చూడకపోతే ప్రాణం పోయేవారికి ఎరుపు, కొన్ని గంటలు ఆగగలిగినవారికి పసుపు, నడిచి వచ్చినవారికి ఆకుపచ్చ, చనిపోయినవారికి, ఇక బతికే అవకాశం లేనివారికి నలుపు.

ఇది కష్టమైన చదువేమీ కాదు. నడవగలవా అని అడగాలి. నడవలేకపోతే నిమిషానికి ఎన్నిసార్లు ఊపిరి తీస్తున్నాడో లెక్కపెట్టాలి, ముప్ఫై దాటితే ఎరుపు. మణికట్టు దగ్గర నాడి అందకపోతే ఎరుపు. "నా చేయి గట్టిగా పట్టుకో" అంటే పట్టుకోలేకపోతే ఎరుపు. ఒక్కొక్కరికి నిమిషం కంటే ఎక్కువ పట్టకూడదు. కష్టమల్లా మనసుకే. అరిచేవాడిని ఆపి, అరవలేనివాడిని లోపలికి పంపాలి. బయట బంధువులు ఊరుకోరు. ఒక్కోసారి కొట్టడానికి కూడా వస్తారు. అందుకని ఈ పని ఎవరు చేస్తారో ముందే కాగితం మీద రాసి ఉండాలి, పోలీసువారికి కూడా తెలిసి ఉండాలి.

కాలిన గాయం ఎందుకు వేరు?

మీ జీవశాస్త్రం పుస్తకంలో చర్మం శరీరాన్ని కప్పి కాపాడుతుందని ఉంటుంది. అంతకంటే ముఖ్యం, చర్మం మన ఒంట్లోని నీటిని లోపలే ఆపుతుంది. ఎక్కువ భాగం కాలినప్పుడు రక్తనాళాల నుంచి నీరు, ఉప్పు, మాంసకృత్తులు కారిపోయి ఒళ్ళంతా వాస్తుంది. రక్తం చిక్కబడి ఒత్తిడి పడిపోతుంది, మూత్రం ఆగిపోతుంది. కాలినవారు మొదటి రోజే చనిపోవడానికి ఒక ముఖ్య కారణం ఇది. మందు సెలైన్. అది ఖరీదైనది కాదు. అయితే అది ఉండాలి, తగినంత ఉండాలి, వేళకు ఎక్కాలి.

ఎంత ఎక్కించాలి? దీనికి ఒక లెక్క ఉంది. ముందు శరీరంలో ఎంత శాతం కాలిందో చూడాలి. పెద్దవాళ్ళకు తొమ్మిదో ఎక్కం చాలు. తల 9, ఒక్కో చేయి 9, ఛాతీ పొట్ట కలిపి 18, వీపు నడుము కలిపి 18, ఒక్కో కాలు 18, మర్మాంగం 1. మొత్తం 100. చిన్నపిల్లలకు తల పెద్దది, కాళ్ళు చిన్నవి కాబట్టి ఈ లెక్క మారుతుంది. చెదురుమదురుగా కాలితే రోగి అరచేయి, వేళ్ళతో సహా, ఒక శాతం అనుకోవాలి. మన చేయి కాదు, రోగి చేయి.

తరువాత పార్క్‌లాండ్ సూత్రం. బరువును కాలిన శాతంతో హెచ్చించి, మళ్ళీ నాలుగుతో హెచ్చిస్తే వచ్చేది మొదటి 24 గంటల్లో ఎక్కించవలసిన రింగర్ లాక్టేట్ సెలైన్, మిల్లీలీటర్లలో. అందులో సగం మొదటి 8 గంటల్లో, మిగతా సగం తరువాతి 16 గంటల్లో ఇవ్వాలి. 50 కిలోల బరువున్న ఇంటర్ కుర్రవాడికి 30 శాతం కాలిందనుకుందాం. 4 × 50 × 30 = 6000. అనగా ఆరు లీటర్లు, అర లీటరు బాటిళ్ళు పన్నెండు.

ఇక్కడ ఒక మెలిక ఉంది. పరీక్షల్లో నర్సింగ్ విద్యార్థులు కూడా తప్పు చేసేది ఇక్కడే. ఆ 8 గంటలు కాలిన సమయం నుంచి లెక్కించాలి, ఆసుపత్రికి వచ్చిన సమయం నుంచి కాదు. మూడు లీటర్లు 8 గంటల్లో వెళ్ళాలి. మిల్లులో రాత్రి 10 గంటలకు కాలి, మన దగ్గరకు 12 గంటలకు వస్తే మిగిలింది 6 గంటలే. గంటకు అర లీటరు చొప్పున ఎక్కించాలి. సెలైన్ పెట్టకుండానే "హైదరాబాదు తీసుకుపోండి" అని చీటీ రాసి పంపితే ఇంకో మూడు గంటలు రోడ్డు మీదే పోతాయి. అప్పుడు పెద్ద ఆసుపత్రిలో ఎంత పెద్ద డాక్టరు ఉన్నా పోయిన సమయాన్ని తేలేడు. ఈ వ్యాసంలో నేను చెప్పదలచుకున్నది నిజానికి ఇదే. కాలినవారి ప్రాణం మొదటి రోజు దగ్గరి ఆసుపత్రిలోనే నిలవాలి.

ఇప్పుడు మీరే లెక్క వేయండి. అలాంటివారు ఇరవై మంది వస్తే? 240 బాటిళ్ళు, అదీ మొదటి రోజుకే. అంత సరుకు రాత్రిపూట స్టోరులో ఉంటుందా? ఉన్నా తాళం చెవి ఎవరి దగ్గర ఉంది? వినడానికి చిన్న ప్రశ్నే. కానీ తాళం చెవి పట్టుకున్న మనిషి సొంతూరు పోయి ఉంటే సరుకు ఉన్నా లేనట్టే.

ఇంతమందికి ఒకేసారి సూత్రం వేసి, సూది పెట్టి ఎక్కించడం చిన్న ఆసుపత్రికి సాధ్యం కాదని ప్రపంచ ఆరోగ్య సంస్థ నిపుణులకు కూడా తెలుసు. అందుకే సామూహిక ప్రమాదాల కోసం వారు ఇంకా తేలికైన లెక్క చెప్పారు. 20 శాతానికి పైన కాలిన పెద్దవారికి మొదటి రోజు కిలో బరువుకు 100 మిల్లీలీటర్లు. తాగగలిగినవారికి ఆ ద్రవాన్ని నోటి ద్వారానే, ఉప్పు కలిసిన నీటి రూపంలో ఇవ్వవచ్చు. మన కుర్రవాడికి అది ఐదు లీటర్లు. విరేచనాలకు ఇచ్చే ఓ.ఆర్.ఎస్. ప్యాకెట్టే ఇక్కడా పనికొస్తుంది. మూత్రం సరిగా వస్తుందో లేదో చూసుకుంటూ పెంచడం, తగ్గించడం చేస్తారు.

బీరువాలో ఏముండాలి?

పెద్ద యంత్రాల గురించి నేను చెప్పను. అవి వస్తే మంచిదే. సెలైన్, ఆక్సిజన్ సిలిండర్లు, శుభ్రమైన గాజు గుడ్డ, వాజలిన్ గాజు, నొప్పి మందు, టి.టి. ఇంజక్షన్లు, నీళ్ళ ట్యాంకు, డీజిలు ఉన్న జనరేటరు ముందు ఉండాలి. కాలిన గాయాలు కడగడానికి నీళ్ళు ఎన్ని కావాలో చూడనివారికి తెలియదు. మత్తు మందుల్లో కెటమిన్ మన లాంటి చోట్లకు బంగారం. రోగి ఊపిరి ఆగకుండా నొప్పిని తీసేస్తుంది, పెద్ద మత్తు యంత్రం లేకపోయినా శిక్షణ ఉన్నవారు దానితో పని నడపగలరు.

పంపే ముందు చేయవలసిన పనులు రెండు ఉన్నాయి. గొంతు బొంగురుపోయినా, ముక్కు వెంట్రుకలు కాలినా, ఉమ్మిలో మసి కనబడినా లోపల శ్వాసనాళం కాలిందని అనుమానించాలి. ఇప్పుడు మాట్లాడుతున్న మనిషికి చౌటుప్పల్ చేరేసరికి గొంతు వాచి మూసుకుపోవచ్చు. కనుక బయలుదేరక ముందే మత్తు డాక్టరు చూసి గొట్టం వేయాలా వద్దా తేల్చాలి. రెండోది, చేయి గానీ ఛాతీ గానీ చుట్టూరా లోతుగా కాలితే ఆ మాడిన చర్మం బెల్టులాగా బిగుసుకుని రక్తాన్ని, ఊపిరిని ఆపేస్తుంది. ఆ బిగువును కోసి వదులు చేయడానికి ప్లాస్టిక్ సర్జన్ కోసం ఆగనక్కరలేదు. నేర్చుకుని ఉంటే మామూలు సర్జన్ చేయగలడు.

ఎముకల సంగతి కూడా ఇంతే. ప్రతి మొదటి స్థాయి ఆసుపత్రిలోనూ మూడు ఆపరేషన్లు జరగాలని 2015లో లాన్సెట్ కమిషన్ చెప్పింది. సిజేరియన్, పొట్ట తెరిచి చేసే ఆపరేషన్, ఎముక చర్మం చీల్చుకుని బయటికి వచ్చినప్పుడు చేసే ఆపరేషన్. ఇవి రెండు గంటల ప్రయాణంలో అందాలి. ప్రపంచంలో 500 కోట్ల మందికి సురక్షితమైన శస్త్రచికిత్స వేళకు అందడం లేదని ఆ కమిషనే లెక్క కట్టింది. మామూలు రోజుల్లో ఈ మూడూ చేసే ఆసుపత్రే ప్రమాదం రోజున కూడా నిలబడుతుంది. మామూలు రోజున ప్రతి కేసునూ పైకి పంపే చోట ఆ ఒక్క రాత్రి మాత్రం అద్భుతం జరగదు.

అంబులెన్సుల లెక్క కూడా చూడండి. సూర్యాపేట నుంచి ఒక 108 బండి హైదరాబాదు వెళ్ళి దింపి తిరిగి రావడానికి ఐదారు గంటలు. మొదటి గంటలోనే ఉన్న బండ్లన్నీ అటు పోతే రెండో గంటలో వచ్చే ఎరుపు చీటీ వారికి బండి ఎక్కడిది? నా అభిప్రాయంలో మూడు ఊళ్ళ ఆసుపత్రులు ఆ రోజు ఒకే ఆసుపత్రిలాగా పని చేయాలి. ప్రాణాపాయం ఉన్నవారిని ముందు సూర్యాపేటలో నిలబెట్టాలి. పసుపు చీటీ వారిని కోదాడ, మిర్యాలగూడల్లోనే ఉంచి చూడాలి. ఎవరు ఎక్కడికి వెళ్ళాలో ఒక్క ఫోను దగ్గర తేలాలి. ఇరవై మంది రోగులను తరలించేకంటే ఇద్దరు నిపుణులను కారులో ఇటు రప్పించడం తేలిక. కాలిన గాయాల నిపుణుల బృందమే ప్రమాదం జరిగిన చోటికి వెళ్ళాలన్న ఆలోచన ప్రపంచ ఆరోగ్య సంస్థ మార్గదర్శకాల్లో కూడా ఉంది.

ముందే సాధన చేస్తే ఏం ఒరుగుతుందని అడిగేవారికి ఒక పాత కథ చెబుతాను. 1942 నవంబరు 28న అమెరికాలోని బోస్టన్ నగరంలో కోకోనట్ గ్రోవ్ అనే నైట్ క్లబ్బు కాలిపోయి 492 మంది చనిపోయారు. అవి యుద్ధం రోజులు. బాంబులు పడితే ఏం చేయాలో అక్కడి ఆసుపత్రులు కొద్ది రోజుల ముందే సాధన చేసి చూసుకున్నాయి. యుద్ధం కోసమని రక్తపు ప్లాస్మా నిల్వ పెట్టుకున్నాయి. మసాచుసెట్స్ జనరల్ ఆసుపత్రి ఒక అంతస్తు ఖాళీ చేసి కాలినవారందరినీ అక్కడే చేర్చింది. శత్రు విమానం రాలేదు, మంట వచ్చింది. సాధన మాత్రం పనికొచ్చింది. కాలిన గాయాల వైద్యం మారడానికి ఆ రాత్రి నేర్పిన పాఠాలు ఒక కారణం అంటారు.

ఆసుపత్రి ఎంత సిద్ధంగా ఉన్నా ఏమీ చేయలేని ప్రమాదాలు కూడా ఉన్నాయి. 2013 అక్టోబరు 30న మహబూబ్‌నగర్ జిల్లా పాలెం దగ్గర ఓల్వో బస్సు కాలి 45 మంది పోయారు. 2025 అక్టోబరు 24 తెల్లవారుజామున కర్నూలు దగ్గర చిన్నటేకూరు వద్ద బెంగుళూరు వెళ్ళే బస్సు కాలి 19 మంది ప్రయాణికులు పోయారు. వారిలో ఎక్కువమంది బస్సు దిగనేలేదు, ఆసుపత్రి దాకా రానేలేదు. అక్కడ ప్రాణం నిలబెట్టేది సెలైన్ కాదు, తెరుచుకునే తలుపు, అద్దం పగలగొట్టే సుత్తి. సెలవులకు ఇంటికి పోయేటప్పుడు స్లీపర్ బస్సు ఎక్కితే ఆ రెండూ ఎక్కడున్నాయో చూసుకుని పడుకోండి.

ఆ తరువాత నెలలు

మొదటి వారం గడిచాక పేపర్లలో ఆ వార్త ఉండదు. వార్డులో మాత్రం పని అప్పుడే మొదలవుతుంది. ఒక శాతం కాలితే ఒక రోజు ఆసుపత్రి అని మేం మోటుగా లెక్క వేసుకుంటాం. 30 శాతానికి నెల రోజులు. ఇరవై మందికి 600 మంచం రోజులు. రోజు విడిచి రోజు డ్రెస్సింగు, చీము పట్టకుండా చూడడం, గుడ్డు, పాలు, పప్పు పెట్టడం. కాలినవారికి మామూలుకంటే ఎక్కువ తిండి కావాలి. చీము గురించి ఎందుకు చెబుతున్నానంటే, 2015లో రుమేనియా రాజధాని బుకారెస్టులో ఒక క్లబ్బు కాలి చివరికి 64 మంది చనిపోతే, వారిలో చాలామంది మంట నుంచి బయటపడి ఆసుపత్రులకు చేరినవారే. ఆసుపత్రిలో సోకిన ఇన్ఫెక్షన్ల మీద ఆ దేశంలో పెద్ద గొడవ జరిగింది.

లోతుగా కాలిన చోట తొడ నుంచి పలుచని చర్మం తీసి అంటిస్తారు. తీయడానికి ఒంటి మీద బాగున్న చర్మమే మిగలనివారికి చనిపోయినవారు దానం చేసిన చర్మం తాత్కాలికంగా కప్పుతారు. ఉస్మానియా ఆసుపత్రిలో 2021లో స్కిన్ బ్యాంకు పెట్టారు. మనిషి పోయిన ఆరు గంటల లోపు తొడలు, కాళ్ళు, వీపు నుంచి పైపొర మాత్రమే తీస్తారు. శవం వికారంగా మారదు. కళ్ళ దానం గురించి తెలిసినంతగా ఇది మన ఊళ్ళలో తెలియదు.

చివరికి నా స్నేహితుడి మోకాలు. దానిని ఆపి ఉండవచ్చు. కాలిన కీలును రోగి ఎలా హాయిగా ఉంటే అలా ముడుచుకుని పడుకుంటాడు. అలాగే వదిలేస్తే చర్మం ఆ ముడుతలోనే మానుతుంది. మెడ కాలినవారికి దిండు తీసేయాలి, మోకాలు కాలినవారికి కాలు చాపి వెనుక చెక్క కట్టాలి, రోజూ ఏడిపించైనా సరే ఆడించాలి. ఫిజియోథెరపిస్టు పని ఇది. మీలో చాలామంది ఎంబిబిఎస్ సీటు ఒక్కటే వైద్యం అనుకుంటారు. సీటు రాకపోతే ఏడుస్తారు. ఫిజియోథెరపీ, ఆపరేషన్ థియేటర్ టెక్నీషియన్, మత్తు టెక్నీషియన్, 108లో ఉండే ఇ.ఎం.టి., నర్సింగ్ కూడా వైద్యమే. పైన చెప్పిన పనుల్లో చాలాభాగం చేసేది వీళ్ళే. 18 ఏళ్ళు నిండిన డిగ్రీ విద్యార్థులు రక్తం గ్రూపులతో జాబితా రాసి వార్డెన్ సార్ గదిలో పెట్టుకుంటే గ్యాలరీ కూలిన సాయంత్రం లాంటప్పుడు అదీ అక్కరకొస్తుంది.

హాస్టల్ వంటగది దగ్గర

ఎవరికైనా కాలితే ముందు మంట ఆర్పాలి. బట్టలు అంటుకుంటే పరుగెత్తనీయకుండా నేల మీద పడుకోబెట్టి దొర్లించాలి. కరెంటు అయితే ముందు మెయిన్ ఆపాలి, తరువాతే ముట్టుకోవాలి. కాలిన చోట 20 నిమిషాలు పారే చల్లని నీళ్ళు పోయాలి. గడియారం చూసి పోయండి, ఐదు నిమిషాలకే ఇరవై అయినట్టు అనిపిస్తుంది. బోరింగు నీళ్ళు చాలు, ఐసు వద్దు. చిన్నపిల్లలకు, ఎక్కువ కాలినవారికి మిగతా ఒళ్ళు చల్లబడకుండా దుప్పటి కప్పాలి. ఉంగరాలు, గాజులు, చేతి దారాలు, మొలతాడు వాపు రాకముందే తీసేయాలి. చర్మానికి అంటుకున్న బట్టను పీకవద్దు, బొబ్బలు చిదమవద్దు. పేస్టు, సిరా, పసుపు, గుడ్డు సొన ఏదీ వద్దు. ఉతికి ఆరేసిన గుడ్డ వదులుగా కప్పి 108కి ఫోను చేయాలి.

వెంట వెళ్ళేవాడు ఒక్క విషయం రాసుకుని పోవాలి. డాక్టరు గారు ఏం జరిగిందని అడగకముందే చెప్పవలసింది అది. ఎన్ని గంటలకు కాలింది.